స్టార్టర్ గొంతు

పైపుల క్యాంపు, కొండ మీద
వానలు పట్టిన కొత్తలో

చిరంజీవి స్పానరుకి బాబాయి దీవెనలు.

ఇక్కడ అందరూ క్షేమం, బండి తప్ప. పొద్దున తాళం తిప్పితే స్టార్టర్ గొంతు పీలగా వస్తోంది. మొన్నమొన్నటిదాకా ఒక్క అరుపుతో ఇంజన్ని లేపేది. ఇప్పుడు జ్వరంపడి లేచిన మనిషిలా లోలోపలే మూలుగుతోంది. ఇంజను అంటుకుంటోంది గానీ ఆ గొంతు నాకు నచ్చలేదు. నా చెవి సంగతి నీకు తెలుసు. బ్యాటరీ పని అయిపోవచ్చింది.

నీ షాపులోంచి నువ్వే చూసి మంచిది పంపు. ఇది ఊళ్ళో తిరిగే బండి కాదని మాత్రం గుర్తుపెట్టుకో. నాలుగు చక్రాలతోనూ లాగే మొండిఘటం, రోడ్డు లేని చోటికి పోవడమే దాని ఉద్యోగం. రోజూ నీటిలైను పైపులు ఎక్కించుకుని, ఆ పైపుల మీద కూలీల గ్యాంగుని కూర్చోబెట్టుకుని, రాళ్ళలో బురదలో పడి పోతాం. ఎక్కడైనా ఆగాలంటే వెనకవాళ్ళు క్యాబిన్ నెత్తిన దబదబా బాదుతారు, నేను ఆపుతాను. దిగబడితే ముందున్న వించితో తాడేసి లాక్కోవాలి. అదీ బ్యాటరీ మీదే బతుకుతుంది.

ఫోన్ చెయ్యకు. ఇక్కడ సిగ్నలు ఉన్నట్టే ఉండి సగం మాటలు మింగేస్తుంది. ఉత్తరం రాయి. కొండకొచ్చే బస్సు డ్రైవరు నమ్మకమైనవాడు, కాగితమైనా బ్యాటరీ అయినా అతని చేతికిస్తే నాకు చేరుతుంది. వదినకి నా నమస్కారాలు చెప్పు.

నీ బాబాయి


బ్యాటరీ షాపు, బస్టాండు వెనకాల

బాబాయ్‌కి నమస్కారాలు.

నీ ఉత్తరం చూసి అమ్మ, "మీ బాబాయికి బండి మీదున్న ధ్యాసలో కాస్త మనుషుల మీదుంటే" అని మొదలుపెట్టింది. మిగతాది నీకు కంఠతా వచ్చు కాబట్టి రాయట్లేదు.

అసలు సంగతికొస్తాను. కార్లకి వేసేది నీకు వద్దు. తాళం తిప్పగానే బాగానే దూకుతుంది, కానీ లోపల ప్లేట్లు పలచన. నీ రాళ్ళ కుదుపుకి ప్లేట్ల మీది మందు పొడిపొడిగా రాలి అడుగున చేరుతుంది. సీల్డు రకం ఒకటుంది, బండి ఎంత ఒరిగినా యాసిడ్ కారదు. బాగుంటుంది గానీ దానికి నీ ట్రే సరిపోదు, అంచులు పెంచాలి. అందుకని మందం ప్లేట్లున్న లారీ బ్యాటరీ పంపుతున్నాను. చలి పొద్దుల్లో కూడా గట్టిగా తిప్పుతుంది. మూతలు తీసి నీళ్ళు చూసుకోవడం మరిచిపోకు. పట్టీ బాగా బిగించు, కదలకుండా కూర్చుంటేనే దానికి ఆయుష్షు. ప్లస్ ఎడమ పక్కకి వచ్చేదే ఏరాను. నీ బండి కేబుల్ కుడి పక్కకి అందదని నాకు గుర్తే. చిన్నప్పుడు నన్ను బానెట్ మీద కూర్చోబెట్టి, చేతికి స్పానరిచ్చి చూపించావు, ఆ పేరే నాకు మిగిలింది.

ఇంకోటి కూడా గుర్తుంది. నా కళ్ళకి తువ్వాలు కట్టి, వచ్చే లారీ పోయే లారీ చప్పుడు వినిపించి, దీనికేం జబ్బో చెప్పమనేవాడివి. ఒక్కటీ సరిగ్గా చెప్పేదాన్ని కాదు, నువ్వు ఒక్కటీ తప్పు చెప్పేవాడివి కాదు. అందుకే మీటరు పెట్టి చూడమని నిన్ను అడగట్లేదు. మా షాపుకొచ్చే డ్రైవర్లందరికీ ఇదే కథ చెప్పి విసిగిస్తుంటాను.

నీ స్పానరు


పైపుల క్యాంపు

చిరంజీవి స్పానరుకి,

బ్యాటరీ అందింది, బిగించాను. నీకు చెప్పకూడదనుకున్నాను గానీ, గొంతు మారలేదమ్మా. కొత్త బ్యాటరీ వేసిన మొదటిరోజే అదే మూలుగు. సరే, కుదురుకుంటుందిలే అని ఊరుకున్నాను. మొన్న పొద్దున పూర్తిగా చచ్చింది. తాళం తిప్పితే డాష్‌బోర్డు మీద దీపం కూడా వెలగలేదు. ముందురోజు కొండంతా మంచు, పట్టపగలే హెడ్‌లైట్లు వేసుకుని తిరిగాం. అయినా ఆ మాత్రానికే చతికిలబడితే అదేం బ్యాటరీ?

గ్యాంగంతా దిగి తోశారు. అందరూ ఒకేసారి తోసేలా అదిలించే మా మేస్త్రి సెలవు మీద ఊరెళ్ళాడు. అతను లేకపోయేసరికి ఒకడు ముందుకి, ఒకడు పక్కకి. తల ప్రాణం తోకకొచ్చింది. వెనక నుంచి ఎవడో, "బండి ముసలిదయిందా, డ్రైవరా?" అన్నాడట. వంటావిడ వచ్చి చెప్పింది. నాకు తిండి సయించలేదు.

ఇంకా పెద్దది పంపు. ఆ సీల్డుదే పంపు. ట్రే సంగతి నేను చూసుకుంటాను.

బాబాయి


బ్యాటరీ షాపు

బాబాయ్,

నీ ఉత్తరం చదవగానే నాకు ఒళ్ళు మండింది. బ్యాటరీలు సప్లై చేసే కంపెనీ మనిషి అప్పుడే వచ్చాడు పాపం, టీ తాగుతుండగానే పట్టుకుని దులిపేశాను. "మా బాబాయి చెవితో విని చెప్పాడు, మీ సరుకు మొదటిరోజు నుంచే బాలేదు" అన్నాను. టెస్టు చేసి చూద్దామండీ అన్నాడు. అక్కర్లేదన్నాను. టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు.

సీల్డుది పంపుతున్నాను. దీనికి చార్జి నిలవ ఎక్కువ. ఇంజను ఆపి చాలాసేపు లైట్లు వాడినా, వించితో లాగినా తట్టుకుంటుంది. ట్రే పక్కలకి ఇనప పట్టీలు వెల్డింగు చేయించి కింద రబ్బరు షీటు వెయ్యి. పాతవి రెండూ బస్సు ఖాళీగా వచ్చినప్పుడు పంపించెయ్యి.

అమ్మ ఒక మాట రాయమంది. మరిది గొంతు విని ఎన్నాళ్ళయిందో, ఫోను చేస్తే వాడి సొమ్మేం పోతుంది అంటోంది. సిగ్నలు లేదట అన్నాను. విచిత్రం ఏమిటంటే, నిన్న మీ వంటావిడ టార్చి కోసం మా షాపుకి ఫోన్ చేసింది. పక్కగదిలోంచి మాట్లాడుతున్నట్టే వినపడింది. నువ్వు కూడా ఆవిడ నిలబడే చోటే నిలబడి చెయ్యొచ్చుగా.

నీ స్పానరు


పైపుల క్యాంపు

స్పానరుకి,

ఇదీ చచ్చింది. మేస్త్రి పైప్‌లైను రెండో కొసకి వెళ్ళి అక్కడే ఉండిపోయిన మర్నాడు, మళ్ళీ దీపం లేదు, చప్పుడు లేదు. ఇంజనీరు వచ్చి చూసి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండును. కిందకి పోయే జీపు బ్యాటరీకి కేబుళ్ళు తగిలించుకుని బండి లేపుకున్నాం.

నువ్వేం అమ్ముతున్నావో నాకు తెలియడం లేదు. కొత్తవాళ్ళకి అంటగట్టే సరుకు బాబాయికి కూడా పంపుతావనుకోలేదు. పంపిన బ్యాటరీలన్నీ వెనక్కి పంపుతున్నాను, చూసుకో. ఇంజనీరు ఎక్కడో పాతదొకటి సర్దాడు, ప్రస్తుతానికి నడుస్తోంది.

వంటావిడ ఎక్కడ నిలబడుతుందో నాకు తెలియదు. ఆవిడ ఫోను వేరు, నా ఫోను వేరు.

బాబాయి


బ్యాటరీ షాపు

బాబాయ్,

నీ మాట నాకు గట్టిగానే తగిలింది. ఏడ్చాను కూడా. అయినా షాపు మూసెయ్యలేదు. నువ్వు పంపినవన్నీ బల్ల మీద పెట్టి పని మొదలుపెట్టాను.

కోప్పడకుండా చదువు. మందం ప్లేట్లదీ, సీల్డుదీ రెండూ ఉత్త డిశ్చార్జి. చార్జింగు పెడితే నిండాయి. నిండాక పక్కన పెట్టి ఊరికే వదిలేశాను. దిగలేదు. లోడు పెట్టి చూశాను, రెండూ దుక్కల్లా ఉన్నాయి. ఇక నువ్వు మొదట పీకేసిన ఆ పాత బ్యాటరీ, అదీ బాగానే ఉంది బాబాయ్. నీ బండికి ఇంకో వానాకాలం హాయిగా వస్తుంది. కంపెనీ మనిషికి ఫోన్ చేసి తప్పయిందని చెప్పుకున్నాను. "మీ బాబాయిగారి చెవికి నా నమస్కారాలు చెప్పండి" అన్నాడు. వెటకారమో, మర్యాదో తెలియలేదు.

అంటే ఏదో బ్యాటరీని తాగేస్తోంది. మంచు రోజున వేసిన హెడ్‌లైట్లు ఎండొచ్చాక ఆర్పడం మరిచిపోతున్నారేమో చూడు. వెలుతురులో కనిపించవు. కానీ నీ బండికి బజరుంది కదా. లైట్లు వెలుగుతుండగా తలుపు తీస్తే కీచుమని మొత్తుకుంటుంది. చిన్నప్పుడు దానికి భయపడి చెవులు మూసుకునేదాన్ని. అది మోగుతోందా?

ఒకటి అడగనా? రెండుసార్లూ మేస్త్రి లేని రోజే ఎందుకు చచ్చింది?

నీ స్పానరు


పైపుల క్యాంపు

బజరు ఎప్పుడో చచ్చిపోయింది. మేస్త్రికీ బ్యాటరీకీ సంబంధం ఏమిటి? నేను ఈ పనిలో తల నెరిపించుకున్నాను, నువ్వు నాకు లైట్లు ఆర్పడం నేర్పక్కర్లేదు. పంపదలుచుకుంటే మంచిది పంపు, లేకపోతే ఇంకో షాపు చూసుకుంటాను.

బాబాయి


బ్యాటరీ షాపు

బాబాయ్,

ఈ ఉత్తరం రాయడానికి కూర్చుని లేచి, కూర్చుని లేచి, చివరికి రాస్తున్నాను.

షాపు సెలవు రోజున నీ దగ్గరికి వచ్చాను. ఆ పాత బ్యాటరీనే నిండా చార్జి చేసి బస్సులో పెట్టుకుని వచ్చాను. ఎదురుగా కూర్చుని నిన్ను నాలుగు దులిపి, ఇద్దరం కలిసి వైరింగు చూద్దామనుకున్నాను.

బండి రేకుల షెడ్డులో ఉంది. మంచు విడిపోయి ఎండ కాస్తోంది, హెడ్‌లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. డ్రైవరు తలుపు బార్లా తెరిచి ఉంది. నువ్వు బానెట్ ఎత్తి బ్రష్షుతో టెర్మినళ్ళు రుద్దుకుంటున్నావు. బజరు మోగుతోంది బాబాయ్. చావలేదు. షెడ్డు రేకులు అదిరేట్టు కీచుమంటోంది. అక్కడ పడుకున్న కుక్క ఆ గోల భరించలేక లేచి అవతలికి పోయింది. వంటగదిలోంచి వంటావిడ, "ఎవరైనా దాన్ని ఆపండర్రా" అని అరిచింది. నువ్వు తలెత్తలేదు.

నీ వెనకాలే నిలబడి "బాబాయ్" అన్నాను. మళ్ళీ అన్నాను. మూడోసారి నాకే నా గొంతు వింతగా అనిపించి ఆగిపోయాను.

ఇంతలో మేస్త్రి వచ్చాడు. రోజూ చేసే పనిలా తలుపులోంచి చెయ్యి పెట్టి లైట్లు ఆర్పి, తలుపు నెమ్మదిగా వేసి, వెనక్కి తిరిగాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. ఆయన ఉన్న రోజుల్లో నీ బ్యాటరీ ఎందుకు చావదో అప్పుడు అర్థమయింది.

నీ భుజం తట్టి ఉండొచ్చు. తట్టలేకపోయాను. నువ్వు ఉలిక్కిపడి తిరిగి, నాకు తెలిసిపోయిందని నా మొహంలో చదివి, అప్పటికప్పుడు ఏదో ఒకటి సర్దిచెప్పాల్సిన అవస్థ నీకు పెట్టబుద్ధి కాలేదు. బ్యాటరీ మేస్త్రికి అప్పగించి తిరుగు బస్సెక్కాను. దారంతా ఏడుపే. పక్కనావిడ ఎవరైనా పోయారా అని అడిగింది.

స్టార్టర్ గొంతు సన్నబడలేదు బాబాయ్. నువ్వు చెప్పావు కదా అని నేను మీటరు పెట్టి చూడమనలేదు. అది నా తప్పు, ఇంకెవరైనా చెప్పి ఉంటే ముందు చూసే మాట్లాడేదాన్ని.

ఒక్కటే అడుగుతాను. వెనకవాళ్ళు క్యాబిన్ నెత్తిన బాదితే నీకు వినపడుతోందా?

నీ స్పానరు


పైపుల క్యాంపు

అమ్మా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులయింది. జేబులోనే పెట్టుకు తిరిగాను.

వినపడదు. కొంతకాలంగా వినపడటం లేదు. మొదట సన్న చప్పుళ్ళు పోయాయి. పిట్టలు పోయాయి, ఈల పోయింది. అవేం నా ఉద్యోగానికి అవసరం అనుకున్నాను. ఎదురుగా ఉంటే పెదాలు చూసి నెట్టుకొస్తున్నాను. ఫోనులో పెదాలుండవు. అందుకే సిగ్నలు మీద నెపం పెట్టాను. స్టార్టర్ గొంతు పీలబడ్డప్పుడు మాత్రం నిజంగానే బ్యాటరీ అనుకున్నానమ్మా. నా చెవిని అనుమానించాలని నాకు తట్టలేదు. తట్టాక నిన్ను అనుమానించాను. అంత మాట అన్నందుకు నన్ను క్షమించు.

ఇక నువ్వు అడిగినది. నీకు రెండో బ్యాటరీ కోసం రాసే ముందు ఒకటి జరిగింది. మలుపు దగ్గర పైపుల కట్టు వదులై ఒకతను జారాడు. పక్క తాడు పట్టుకుని వేలాడుతున్నాడు. అందరూ క్యాబిన్ మీద బాదారట, అరిచారట. నేను హాయిగా బండి నడుపుకుంటూ పోతున్నాను. అద్దంలో కాళ్ళు కనిపించి ఆపాను. మోకాలు చెక్కుకుపోయింది, అంతే. ఎందుకు వెంటనే ఆపలేదని అడిగితే, వెడల్పు చోటు కోసం చూశానని చెప్పాను. నమ్మారు. మేస్త్రి మాత్రం నా మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆ మర్నాటి నుంచీ అతను వెనక కూర్చోవడం మానేసి క్యాబిన్‌లో నా పక్కన కూర్చుంటున్నాడు. నడుము నొప్పి అన్నాడు. నేనూ నమ్మాను, నమ్మడం నాకు కావాలి కాబట్టి.

నా వెనక తిరిగి లైట్లు ఆర్పుతున్నాడని నువ్వు రాస్తేగానీ తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. బండి లేకపోతే నేనెవరిని అన్న భయంతో ఇంతమంది ప్రాణాలు పైపుల మీద పెట్టుకుని తిరిగాను.

మొన్న పొద్దున గ్యాంగు ఎక్కబోతుంటే ఆగమన్నాను. అందరి ముందూ ఇంజనీరుకి తాళం ఇచ్చేసి, నాకు చెవులు వినపడటం లేదని చెప్పాను. గట్టిగా చెప్పానో, మెల్లగా చెప్పానో తెలియదు. గట్టిగానే చెప్పినట్టున్నాను, వంటావిడ గరిటెతో సహా బయటికొచ్చింది. ఆ మోకాలు చెక్కుకుపోయినతనే ముందుకొచ్చి నన్ను పట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే ఇంత ఏడుపు వచ్చేది కాదు.

ఇప్పుడు మేస్త్రి నడుపుతున్నాడు. నేను పక్కన కూర్చుంటున్నాను. గేరు మారుస్తుంటే వచ్చే కరకర నాకు వినపడదు గానీ పాదాల్లోంచి నడినెత్తికి ఎక్కుతోంది.

బాబాయి


బ్యాటరీ షాపు

బాబాయ్,

నువ్వు చేసినది ఎంత కష్టమో నాకు తెలుసు. అమ్మకి చదివి వినిపించాను. ఈసారి నిన్ను ఒక్క మాట కూడా దెప్పలేదు. వెంటనే, "వాడికి గది సర్దు" అంది.

శనివారం బస్సుకి దిగు. మన వీధి చివర చెవుల డాక్టరమ్మ దగ్గర మాట్లాడి పెట్టాను. ముందు పరీక్ష చేసి, చెవిలో పెట్టే మిషను పనికొస్తుందో లేదో చెప్తారట. పనికొస్తే మంచిదే. రాకపోతే నువ్వు మా షాపులో కూర్చుని కస్టమర్ల మీద కేకలేద్దువుగాని. వద్దనకు, అమ్మతో నువ్వే తేల్చుకోవాలి.

ఒక డబ్బా పంపుతున్నాను. అందులో ఎర్ర బల్బు, వైరు, రెండు నొక్కుడు బటన్లు ఉన్నాయి. బటన్లు వెనక పైపుల దగ్గర చెరోవైపు బిగించి, నొక్కగానే వెలిగేలా బల్బు డాష్‌బోర్డు మీద పెట్టించు. బజరు వైరుకి ఇంకో బల్బు కలపమను. ఎవరు నడిపినా ఇవి ఉండాలి. గాలివానలో ఎంత మంచి చెవికైనా ఆ బాదుడు వినపడదు.

బ్యాటరీ సంగతి కూడా తేల్చేద్దాం. నేను మేస్త్రికి అప్పగించి వచ్చిన నీ పాత బ్యాటరీయే బిగించమను. కొత్తవి రెండూ నేను వేరేవాళ్ళకి అమ్ముకుంటాను.

నీ స్పానరు


పైపుల క్యాంపు
వానలు వెనకబట్టాక

చిరంజీవి స్పానరుకి,

మీ ఇంట్లో అన్ని రోజులున్నా నీతో సరిగ్గా మాట్లాడింది లేదు. చెవిలో మిషను లేని రోజులు కొన్ని, అది ఇచ్చాక దాని రొదకి తల పగిలి తీసి జేబులో పడేసిన రోజులు కొన్ని. ఓపిక పట్టమంది డాక్టరమ్మ. ఇక్కడికొచ్చాక పడుతున్నాను.

ముందు వార్తలు. ఇంజనీరు నాకు మళ్ళీ బండి నడిపే పరీక్ష పెట్టించాడు. పైపులు మోసుకెళ్ళమన్నాడు, మనుషుల్ని మాత్రం ఎక్కించుకోవద్దన్నాడు. మొదట కష్టమనిపించింది. ఆలోచిస్తే అతనిదే న్యాయం, నేనైనా అదే చేసేవాణ్ణి. గ్యాంగుని మేస్త్రి జీపులో తీసుకొస్తున్నాడు, పైపులు నేను తెస్తున్నాను. మేస్త్రి నడుము నొప్పి తగ్గిపోయిందట. ఆ మాట అంటూ ఇద్దరం నవ్వుకున్నాం.

మిషను పెట్టుకుని మొదటిసారి తాళం తిప్పాను. పాత బ్యాటరీయే. స్టార్టర్ అరిచిన అరుపుకి నాకు చెమట పట్టింది. నీరసం ఏమీ లేదు దానికి, ఇన్నాళ్ళూ అలాగే అరుస్తోంది పాపం. తర్వాత కావాలనే లైట్లు వేసి తలుపు తీశాను. బాబోయ్, ఏం గోల అది. ఈ క్యాంపువాళ్ళు ఇన్నాళ్ళు నన్ను కొట్టకుండా ఎలా ఊరుకున్నారో తెలియదు. కుక్క నన్ను చూసి లేచి వెళ్ళిపోయింది.

ఇంకొకటి నీకు చెప్పాలి. నిన్న పొద్దున నీ షాపుకి ఒక ఫోను వచ్చి ఉంటుంది. నువ్వు ఎత్తి హలో అన్నావు, అవతల ఎవరూ పలకలేదు. మళ్ళీ హలో అన్నావు. ఎవరండీ, ఏ బండికి కావాలండీ అని అడిగావు. ఆ ఫోను నాదే. వంటావిడ నిలబడే చోటే నిలబడి చేశాను.

నాకు గుర్తున్న గొంతు బానెట్ మీద కూర్చుని ప్రశ్నలడిగే పిల్లది. నిన్న ఎత్తినది పెద్దమనిషి. నిదానంగా, నమ్మకంగా, అచ్చం మా వదినలా. ఈ గొంతు నీకు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు మారిందో నాకు తెలియలేదు. నేను ఇంటికి వస్తూ పోతూనే ఉన్నాను, నువ్వు మాట్లాడుతూనే ఉన్నావు. నేనే వినలేదు. వింటూ ఉండిపోయి ఫోను పెట్టేశాను.

రేపు పొద్దున నువ్వు షాపు తీసే వేళకి మళ్ళీ చేస్తాను. నేను పలకడానికి కాస్త ఆలస్యం అవుతుంది. ఎవరూ లేరనుకుని పెట్టెయ్యకు. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు.

నీ బాబాయి